అడిగాక ఒక బిస్కెట్

"నొప్పి ఉందా?"

"ఉంది."

"వాంతులు?"

"లేవు."

"జ్వరం?"

"లేదు."

"తల తిరుగుతోందా, కళ్ళు మసకబారుతున్నాయా, నిద్ర పడుతోందా, మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా?"

నాలుగింటికీ కలిపి ఒక్క జవాబు ఎలా చెప్పాలో తెలియక "ఆఁ" అన్నాను. ఆ అమ్మాయి దాన్నే బరబరా రాసేసుకుంది. "థాంక్యూ, రెస్ట్ తీసుకోండి" అని సర్రున తెర లాగి వెళ్ళిపోయింది. తెర రింగులు ఇంకా ఊగుతున్నాయి. తలకి తడిగుడ్డ కట్టుకుని మంచం మీద నేను నోరు తెరుచుకుని ఉండిపోయాను.

ఇక్కడో మాట చెప్పాలి. నాకు తలనొప్పి లేదు. నేను లారీ డ్రైవర్నీ కాదు. ఆ నర్సింగ్ కాలేజీలో నేను ఉత్తుత్తి పేషెంట్ని.

నర్సు కాబోయేవాళ్ళు అసలు పేషెంట్ల దగ్గరికి వెళ్ళకముందు మాలాంటి వాళ్ళ మీద చెయ్యి అలవాటు చేసుకుంటారు. చెయ్యి అంటే సూది కాదు, మాట. వారం వారం మేడమ్ నాకో కేసు ఇస్తారు. నేనెవర్ని, ఎక్కడ నొప్పి, ఎప్పట్నుంచి, ఏ విషయం దాచిపెట్టాలి, అన్నీ అందులో ఉంటాయి. "ఉందా, లేదా" అని అడిగితే ఉందనో లేదనో చెప్పి నోరు మూసుకోవాలి. "ఏమైందో చెప్పండి" అంటే నోరు విప్పాలి. దాచిపెట్టిన విషయం మాత్రం ఒకే ఒక్క ప్రశ్నకి బయటికొస్తుంది. "ఇంకేమైనా చెప్పాలనుకుంటున్నారా?" అని అడగాలి. అడిగాక ఊరుకోవాలి. ఆ ఊరుకోవడమే చాలామందికి చేతకాదు.

ఆ రోజు నా లారీ డ్రైవరు చేతులు తిమ్మిరెక్కి స్టీరింగ్ పట్టు తప్పుతోంది. ఓనరుకి తెలిస్తే పని పోతుందని దాస్తున్నాడు. ఆ అమ్మాయి చివరి ప్రశ్న అడగనే లేదు. పాపం, మా డ్రైవరు అలాగే లారీ ఎక్కి వెళ్ళిపోయాడు.

ప్రాక్టీస్ గదిలో కెమెరా, మైకు ఉంటాయి. గుమ్మం మీద ఎర్రబల్బు వెలిగితే పక్క క్లాసులో అందరూ చూస్తున్నట్టు. ఇంటర్వ్యూ అయ్యాక నన్ను ఆ క్లాసులోకి పిలిచి, పేషెంటుగా ఏమనిపించిందో అడగడం మేడమ్ అలవాటు. మేడమ్ అంటే వార్డుల్లో తల పండిన మనిషి. ఆవిడ ముందు అబద్ధం చెప్పాలంటే ముందురోజే రిహార్సల్ వేసుకోవాలి.

"ఏమనిపించింది బాబూ?"

"ఏ నేరం మీద పట్టుకొచ్చారో చెప్తే ఒప్పేసుకుందామనిపించింది మేడమ్."

క్లాసంతా గొల్లుమంది. నవ్వనిది ఆ అమ్మాయి ఒక్కతే. మూడో బెంచీ నుంచి నా వైపు ఒక చూపు విసిరింది. అది నిజంగా తగిలి ఉంటే నాకు అసలు కట్టే కట్టాల్సి వచ్చేది.

బయట వాన దంచుతోంది. లిఫ్టు దగ్గర పట్టుకుంది.

"ఏమండీ పేషెంట్ గారూ! నేరమా? నేను పోలీసునా? అందరి ముందూ అలా అంటారా? మీకేం పోయింది, పడుకుని డబ్బులు తీసుకుంటారు, నాకెంత కష్టమో తెలుసా? అసలు మీరెవరు?"

"ఒక్కొక్కటే అడగండి ఇన్‌స్పెక్టర్ గారూ. చేతులు పైకెత్తమంటారా?"

ఆమె నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే లిఫ్టులోంచి గంభీరంగా ఒక గొంతు వినిపించింది. "దయచేసి గమనించండి. తలుపులు మూసుకుంటున్నాయి."

ఆమె లిఫ్టు వైపు చూసింది. నా వైపు చూసింది. మళ్ళీ లిఫ్టు వైపు చూసింది.

"ఇది... మీరేనా?"

"నేనే. పొట్టకూటికి గొంతు అమ్ముకుంటాను. లిఫ్టులు, బస్సులు. ఖాళీ ఉన్నప్పుడు నాటకాల్లో చిన్నాచితకా వేషాలు."

"అంటే రోజూ నేను పరిగెత్తుకొస్తుంటే సరిగ్గా నా ముఖం మీద తలుపులు మూసేది మీరన్నమాట!"

ఆ కోపంలోనే ఫక్కున నవ్వేసింది. నవ్వినందుకు తన మీద తనకే ఒళ్ళు మండినట్టుంది, గిరుక్కున తిరిగి మెట్లెక్కి వెళ్ళిపోయింది. నేను చాలాసేపు అక్కడే నిలబడ్డాను. ఈలోగా లిఫ్టులోని వాడు నా గొంతుతోనే నాలుగుసార్లు తలుపులు మూసుకుంటున్నాయని చెప్పాడు.

*

ఆ తర్వాతి వారం క్యాంటీన్‌లో నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మీతో పనుంది."

"అరెస్టా?"

"సాయం."

ఆ మాట అనడానికి ఆమెకి ఎంత కష్టమైందో చూస్తే తెలిసింది. నేను వెటకారం కట్టిపెట్టాను.

"అన్నిట్లో నాకు మంచి మార్కులే. సూది వేస్తే పిల్లలు ఏడవడం మర్చిపోతారు. ఈ ఇంటర్వ్యూ పరీక్ష ఒక్కటే ఒకసారి తప్పాను. మళ్ళీ తప్పితే ఏడాదంతా మొదట్నుంచి చదవాలి. పిల్లల వార్డులో నాకోసం ఉంచిన ఉద్యోగం వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు. పిల్లల వార్డు కోసమే నేను నర్సింగ్‌లో చేరానండీ."

"అయితే అడిగాక కాస్త ఆగొచ్చుగా?"

"ఆగలేను. మా నాన్న అంబులెన్స్ నడుపుతారు. మా ఇంట్లో ఎవరికీ బ్రేకుల్లేవు. అన్నం కూడా ఎవరో తరుముతున్నట్టే తింటాం. అవతలి మనిషి మాట్లాడకుండా నన్నే చూస్తుంటే నాకు గుండె దడ. ఈ పిల్లకేం రాదనుకుంటున్నారేమో అనిపిస్తుంది. అందుకే ఇంకో ప్రశ్న, దాని మీద ఇంకోటి..."

గడగడా చెప్పుకొచ్చిన మనిషి చివరికొచ్చేసరికి గొంతు తగ్గించేసింది. నాకు లారీ డ్రైవరు గుర్తొచ్చాడు. ఇందాకటి దాకా ఈమె కూడా ఏదో దాచుకున్న పేషెంటే.

టేబుల్ మీద బిస్కెట్ల ప్లేటు ఉంది. ఆ క్యాంటీన్ బిస్కెట్లు మామూలువి కావు. టీలో ముంచినా లొంగవు. ఒకటి తీసి ఆమె ముందు పెట్టాను.

"అడగండి. అడగ్గానే ఇది నోట్లో పెట్టుకోండి. అయిపోయేదాకా ఇంకో ప్రశ్న లేదు."

"ఇదేం వైద్యం?"

"పళ్ళు గట్టివేగా?"

మొదటిసారి ఆత్రంగా మింగబోయి పొలమారింది. నేను నెత్తి మీద తట్టబోయి, చనువు ఎక్కువైపోతుందేమోనని గాల్లోనే చెయ్యి ఆపేశాను. రెండోసారి నోట్లో బిస్కెట్‌తోనే "జ్వరం?" అని అడిగింది. పిండి నా చొక్కా మీద పడింది. పక్క టేబుల్ వాళ్ళు ప్లేట్లు పట్టుకుని లేచి వేరే చోటికి మారారు.

అలా మొదలైంది. ఒకరోజు నేను గుండెల్లో మంట ఉన్న వంటవాణ్ణి. ఇంకోరోజు నడుం పట్టేసిన టైలర్ని. ఆమె అడిగేది, బిస్కెట్ కొరికేది, ఆగేది. మెల్లగా నిజంగానే ఆగడం వచ్చింది. ఒకరోజు ఆమె ఊరుకుంటే, నా వంటవాడు కేసులో లేని చిన్ననాటి కష్టాలు కూడా చెప్పేసుకున్నాడు.

చిక్కంతా ఎక్కడొచ్చిందంటే, ఆగినప్పుడు ఆమె నా కళ్ళలోకి చూస్తుంది. బిస్కెట్ అయిపోయేదాకా చూస్తుంది. ఒక బుగ్గ ఉబ్బి ఉంటుంది, పెదవి మూల పిండి ఉంటుంది, కళ్ళు మాత్రం "చెప్పండి, నాకేం తొందర లేదు" అంటాయి. ఆ చూపు ముందు ఏ కేసు గుర్తుంటుంది? నేను టైలర్నో వంటవాణ్ణో మర్చిపోయి కత్తెరతో కూర తరిగానని చెప్పిన రోజు కూడా ఉంది.

ఓసారి ధైర్యం చేశాను. "మీరు ఎదురుగా ఉంటే నాకు ఏ నొప్పీ ఉండదు" అన్నాను.

ఆమె బిస్కెట్ నమిలి మింగి "బాగుందండీ. ఏ కేసు ఇది?" అంది.

ఇంకోసారి క్యాంటీన్ కుర్రాడి చేతిలోంచి టీ జారి నా చేతి మీద పడింది. పొగలు కక్కే టీ. "ఫరవాలేదు, నోటికి రోజూ పోస్తున్నాను, చెయ్యి అలిగింది" అన్నాను. ఆమె నా మణికట్టు పట్టుకుని బరబరా లాక్కెళ్ళి కుళాయి కింద పెట్టింది. చల్లటి నీళ్ళు. ఆమె వేళ్ళు. నాకు ఏది దేనికి పనిచేస్తోందో తెలియలేదు.

"చెయ్యి కాలితే జోకులేంటండీ? కేసుల్లో దోమ కుట్టినా అంత మూలుగుతారు!"

"అక్కడ మూలిగితే డబ్బులిస్తారు. ఇక్కడ ఎవరిస్తారు?"

ఆమె తల ఓ పక్కకి వంచి చాలాసేపు నన్ను చూసింది. అప్పుడు నోట్లో బిస్కెట్ కూడా లేదు.

*

ఇంట్లో అక్క ముందు బయటపడిపోయాను. నేను మా అక్క దగ్గరే ఉంటాను. బట్టలు కుట్టే మనిషి కదా, ఎవరి కొలతలైనా ఒక్క చూపులో తీసేస్తుంది.

"ఒరేయ్, కాఫీలో ఉప్పేసుకుని తాగేస్తున్నావు. బాగుందా?"

"బాగుందక్కా."

"ఉప్పా? అమ్మాయా?"

గ్లాసు కింద పెట్టేశాను.

"వెళ్ళి చెప్పెయ్యరా."

"నమ్మదక్కా. నేనేం మాట్లాడినా కేసు బాగుందంటుంది."

"నీకు పన్ను పీకినప్పుడు చూశాను. డాక్టరు పట్టకారు పట్టుకుంటే నువ్వు ఆయనకి జోకులు చెప్తున్నావు. ఆయన నవ్వి నవ్వి పక్క పన్ను పట్టుకోబోయాడు. నిన్ను కట్టుకునే పిల్లకి చాలా ఓపిక ఉండాలి నాయనా" అని మిషన్ తొక్కడం మొదలెట్టింది. సలహా అడిగితే దారం చేతికిచ్చి సూదిలోకి ఎక్కించమంది.

పరీక్షకి ఎవరికి ఎవరు పేషెంటో బోర్డు మీద పెట్టారు. ఆమెకి నేను.

ఒక్క క్షణం ఎగిరి గంతేశాను. ఆ వెంటనే అసలు చిక్కు తట్టింది. ఆమె చివరి ప్రశ్న అడగకపోయినా నేను చెప్పేస్తాను. ఆమె సగం అడిగి నా వైపు చూస్తే చాలు, దాచమన్నవి, దాచొద్దన్నవి, మా ఇంటి అడ్రసుతో సహా అప్పజెప్పేస్తాను. అది పాసవడం కాదు, నేను పాస్ చేయించడం. పేషెంటుకి మనసులో ఏదైనా పక్షపాతం ఉంటే ముందే చెప్పి తప్పుకోవాలని మా పనిలో ఒక నియమం కూడా ఉంది.

మేడమ్‌ని వెతుక్కుంటూ వెళ్తే ప్రాక్టీస్ గదిలో ఒక్కరే కూర్చుని ఉన్నారు. గుమ్మం మీద ఎర్రబల్బు వెలుగుతోంది. దాన్ని చూశాను కూడా. బయట మబ్బు పట్టి చీకటిగా ఉంది కదా, దీపం వేశారనుకున్నాను. మనసు బాగాలేనప్పుడు బుర్ర ఇలాగే పనిచేస్తుంది. అలవాటు కొద్దీ వెళ్ళి పేషెంటు మంచం మీద కూర్చున్నాను.

మేడమ్ కుర్చీ కాస్త దగ్గరికి జరిపారు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఏమైందో చెప్పు బాబూ."

అని ఊరుకున్నారు.

ఇన్నాళ్ళూ ఎంతమంది పిల్లలకో పేషెంట్నయ్యాను. అసలు నర్సు అడిగితే ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది. ఆ నిశ్శబ్దంలో దాక్కోవడానికి ఒక్క మూల లేదు.

"ఒక అమ్మాయి మేడమ్. మొదట తలనొప్పిలా వచ్చింది. ఇప్పుడు ఒళ్ళంతా పాకింది."

"ఎక్కడ ఎక్కువ ఇబ్బంది?"

"మోకాళ్ళలో. ఆ అమ్మాయి అటు నుంచి వస్తుంటే ఇవి నా మాట వినవు. లిఫ్టులో నా గొంతుంది కదా మేడమ్, వాడి మీద కూడా కుళ్ళుగా ఉంది. నాకంటే ఎక్కువసార్లు ఆమెతో మాట్లాడుతున్నాడు వెధవ."

"ఏం చేస్తే తగ్గుతుంది?"

"ఆమె కనబడితే."

"ఏం చేస్తే ఎక్కువవుతుంది?"

"అదే మేడమ్. ఆమె కనబడితే."

మేడమ్ నవ్వలేదు. కళ్ళజోడు సర్దుకున్నారు.

"ఇంకేమైనా చెప్పాలనుకుంటున్నావా?"

నేను నోరు తెరిచేలోపు గోడ అవతల చప్పట్లు మోగాయి. ఒకటీ అరా కాదు, క్లాసంతా. ఎవరో ఈల కూడా వేశారు. గుమ్మంలో గొడుగు దులుపుకుంటూ ఒక పెద్దాయన ప్రత్యక్షమయ్యారు. ఆయన రిటైరైన పోస్టుమాస్టరు, నాలాగే ఉత్తుత్తి పేషెంటు. ఆ రోజు ఆ మంచం ఆయనది. "ఆలస్యమైందమ్మా, వాన. డెమో మొదలెట్టేశారా?"

మేడమ్ గబగబా లేచి మైకు ఆపేశారు. వార్డుల్ని గడగడలాడించిన మనిషి నాలుక కరుచుకోవడం నేను చూశాను.

"అయ్యో బాబూ. పిల్లలకి డెమో చూపిద్దామని మైకు పెట్టి మర్చిపోయాను. పేషెంటు నాతో చెప్పుకున్నది ఈ గది దాటదు, అది మాత్రం నా మాట."

"ఇప్పటికే దాటేసింది మేడమ్. చప్పట్లు కూడా కొట్టారు."

"కేసనుకున్నారులే. ఆ అమ్మాయెవరో నువ్వు చెప్పనక్కర్లేదు, క్యాంటీన్‌లో బిస్కెట్లు నాకూ కనబడుతున్నాయి. పరీక్షకి నిన్ను మారుస్తాను."

బయటికి రాగానే ఆమె ఎదురొచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"అబ్బబ్బ! ఏం చేశారండీ! 'అదే మేడమ్' అన్నప్పుడు మా వెనక బెంచీ వాళ్ళు ముక్కులు చీదారు. ఒకమ్మాయైతే ఈ కేసులో ముందు బీపీ చూడాలా, పల్స్ చూడాలా అని అడుగుతోంది! ఎవరు రాశారు?"

"ఎవరూ రాయలేదు."

"అక్కడికక్కడ అల్లేశారా? మహానుభావులండీ మీరు!"

అని చెయ్యి ఊపుతూ వెళ్ళిపోయింది. ప్రేమించిన అమ్మాయికి మనసు విప్పి చెప్పి, ఆమె చేత మంచి నటుడివని మెచ్చుకోలు పొందిన మొదటి మొనగాణ్ణి నేనే అయ్యుంటాను.

*

మర్నాడు బోర్డు మారింది. ఆమెకి పేషెంటు పోస్టుమాస్టరు గారు. ఆయనంటే పిల్లలందరికీ హడల్. ఊరి కబుర్లన్నీ చెప్తారు గానీ ఆయన నుంచి అసలు విషయం రాబట్టడం బ్రహ్మతరం కాదు.

లిఫ్టు దగ్గర ఆమె నా కోసమే నిలబడి ఉంది.

"మీరే అడిగి మార్పించుకున్నారట."

"అవును."

"నేను గట్టెక్కనని మీకూ అనిపించిందా?"

"లేదు."

"మరెందుకు?"

ఆమె ఆగింది. నేను నేర్పినట్టే ఎంత బాగా ఆగిందంటే, నిజం నోటిదాకా వచ్చేసింది. కానీ ఇప్పుడు చెప్తే పరీక్షలో ఆమె ఆ పెద్దాయన మాట వింటుందా, నా మాట తలుచుకుంటుందా? పిల్లల వార్డు కంటే నా గోల ముఖ్యం కాదు.

"పరీక్షయ్యాక చెప్తాను."

ఆమె కళ్ళు తడిశాయి. "మీరు ఎప్పుడు నిజమో, ఎప్పుడు నటనో నాకు తెలియదండీ. ఈ ఒక్కటైనా నిజం చెప్తారనుకున్నాను."

లిఫ్టు ఎక్కేసింది. "దయచేసి గమనించండి. తలుపులు మూసుకుంటున్నాయి" అన్నాడు వాడు, నా గొంతుతోనే. నాకు చచ్చేంత బాధేసింది. నా గొంతు మీద నాకే అంత కోపం అదివరకెప్పుడూ రాలేదు.

పరీక్ష రోజు మేడమ్‌ని బతిమాలుకుని క్లాసులో చివరి బెంచీలో నక్కి కూర్చున్నాను. తెర మీద ఆ గది. ఆమె లోపలికి వచ్చింది. ఈసారి దూసుకు రాలేదు. తలుపు తట్టి వచ్చింది. కుర్చీ లాక్కుని పెద్దాయన కళ్ళకి సమానంగా కూర్చుంది.

"మిమ్మల్ని ఏమని పిలవమంటారు?"

"మాస్టారూ అను చాలు."

"ఏమైందో చెప్పండి మాస్టారూ."

ఆయన కళ్ళు తిరుగుతున్నాయన్నారు. అక్కణ్ణుంచి పోస్టాఫీసు పైకప్పు కారడం దాకా వెళ్ళారు. ఆమె ఎక్కడా తుంచలేదు. వింటూ, తల ఊపుతూ, ఆయన ఊపిరి తీసుకున్నప్పుడు మెల్లగా మళ్ళీ కళ్ళు తిరిగే దగ్గరికి తీసుకొచ్చింది. చివరికి ఆ ప్రశ్న అడిగింది.

"ఇంకేమైనా చెప్పాలనుకుంటున్నారా మాస్టారూ?"

ఆయన గోడ వైపు చూశారు. ఏమీ మాట్లాడలేదు. క్లాసంతా ఊపిరి బిగబట్టింది. ఆమె పెదవులు కదిలాయి. అయిపోయింది, ఇంకో ప్రశ్న అడిగేస్తుంది అనుకున్నాను. కాదు. ఆమె దవడ మెల్లగా కదులుతోంది. నోట్లో లేని బిస్కెట్‌ని నములుతోంది! చివరి బెంచీలో నేనూ నమిలాను. నా జీవితంలో అంత పొడుగు బిస్కెట్ తినలేదు.

పెద్దాయన కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడిచారు. పెట్టుకున్నారు. మళ్ళీ తీసి తుడిచారు.

"మాత్రలు సరిగ్గా వేసుకోవట్లేదమ్మా. ఏది పొద్దునో ఏది రాత్రో, ఆ చిన్న అక్షరాలు కనబడవు. ఊరందరి ఉత్తరాలూ చదివిన వాణ్ణి, చీటీ చదివిపెట్టమని కోడల్ని అడగాలంటే మొహం చెల్లలేదు."

"చెప్పి మంచిపని చేశారు మాస్టారూ. మనిద్దరం కలిసి ఒక దారి చూద్దాం" అంది ఆమె.

తర్వాత మేడమ్ ఆయన్ని అడిగారు. "ఏమనిపించింది?"

"ఈ పిల్ల ఇంకాసేపు కూర్చుంటే బాగుండుననిపించింది."

క్లాసంతా చప్పట్లు కొడుతుంటే నేను కళ్ళు తుడుచుకుంటూ బయటికి జారుకున్నాను.

*

కాలేజీ ఎదురుగా బస్సు షెల్టరు. మళ్ళీ వాన. ఈ కథలో వేళకి తప్పకుండా వచ్చే పాత్ర వాన ఒక్కటే.

పుస్తకం నెత్తి మీద పెట్టుకుని ఆమె పరిగెత్తుకుంటూ వచ్చి నా పక్కన కూర్చుంది. ఆయాసం తీర్చుకుంది. సంచిలోంచి బిస్కెట్ పొట్లం తీసింది.

"పాసయ్యాను."

"చూశాను. నమలడం అద్భుతం."

"మాస్టారు మాట్లాడకుండా ఉన్నప్పుడు మొదటిసారి నాకు భయం వెయ్యలేదు. ఆగితే కళ్ళు పనిచేస్తాయని తెలిసింది. మాత్రల దగ్గరికి వచ్చేసరికి ఆయన కళ్ళజోడు తుడుస్తున్నారు. నోరు దాచేది చెయ్యి చెప్పేస్తుంది. అది చూడగానే మీరు గుర్తొచ్చారు."

"నాకు కళ్ళజోడు లేదే!"

"ఇదిగో, ఈ జోకే మీ కళ్ళజోడు." ఆమె నా నోటి వైపు వేలు చూపించింది. "మీకు నిజంగా నొప్పొస్తే మూలగరు, జోకులేస్తారు. చెయ్యి కాలినప్పుడు చూశాను. మీ కేసులు ఎన్ని చూశాను, ఒక్కదాంట్లో ఒక్క జోకు లేదు. ఆ రోజు డెమోలో మాత్రం మోకాళ్ళ నుంచి లిఫ్టు వెధవ దాకా అన్నీ జోకులే."

నేను చేతులు రెండూ జేబుల్లో దాచేశాను.

"అప్పుడు ఆలోచించాను. నా కేసు ఎందుకు వదులుకున్నారా అని." ఆమె పొట్లంలోంచి ఒక బిస్కెట్ తీసింది. "ఇంకేమైనా చెప్పాలనుకుంటున్నారా?"

నోట్లో పెట్టుకుని నన్నే చూస్తూ కూర్చుంది.

ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన ఘడియ. గొంతు సవరించుకున్నాను. వాన వైపు ఓసారి, ఆమె వైపు ఓసారి చూసి, నాటకాల్లో వాడే మంద్రస్థాయి అందుకున్నాను. "మిమ్మల్ని మొదటిసారి చూసిన క్షణం, నా జీవితమనే చీకటి గదిలో..."

"ఊఁహూఁ!" ఆమె నిండునోటితో తల అడ్డంగా ఊపింది. గబగబా మింగింది. "ఇది నటన. మళ్ళీ మొదట్నుంచి."

ఇంకో బిస్కెట్ నోట్లోకి వెళ్ళింది. ఏమంటున్నానో తెలియకుండానే అనేశాను.

"పెళ్ళి ఊరేగింపు మీ నాన్నగారి అంబులెన్స్‌లో పెడితే నేను ముందు సీట్లోనే కూర్చుంటాను. వెనక పడుకోమంటే మాత్రం ఒప్పుకోను, ఇప్పటికే సగం జీవితం మంచాల మీద గడిచిపోయింది."

ఆమె నవ్వింది. బిస్కెట్ పిండి నా చొక్కా నిండా పడింది. కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వి, "ఇది నిజం" అంది.

"ఇప్పుడు నా వంతు. మీరేమైనా చెప్పాలనుకుంటున్నారా?"

ఈసారి నేనే బిస్కెట్ అందించాను. ఆమె తీసుకుని తాపీగా కొరికింది. తాపీగా నమిలింది. వాన పడుతూనే ఉంది. ఒక బస్సు వచ్చింది, నా గొంతుతో స్టాపు పేరు చెప్పింది, వెళ్ళిపోయింది. అడిగి ఆగడం ఎంత భయంగా ఉంటుందో నాకు అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్ళూ ఈమెను ఎంత సులువుగా ఆగమన్నాను!

ఆమె చేతులు దులుపుకుంది.

"అవును" అంది.

"ఇది అవును, కాదు ప్రశ్న కాదండీ."

"అయితే మొత్తం చెప్తాను. మధ్యలో అడ్డుపడకు."

మీరు పోయి నువ్వు వచ్చింది. ఇక అక్కణ్ణుంచి బ్రేకుల్లేవు.

"నువ్వంటే నాకిష్టం, ఎప్పట్నుంచో ఇష్టం, కుళాయి దగ్గర్నుంచి, కాదు, దానికంటే ముందే, ఒక్క అంతస్తు దిగడానికి కూడా లిఫ్టే ఎక్కుతున్నాను, ఎందుకనుకున్నావు, మా స్నేహితురాళ్ళు నాకు కాళ్ళ నొప్పులనుకుంటున్నారు, నువ్వు ఎప్పుడూ చెప్పే మీ అక్కకి నేను నచ్చుతానా, ఇంకోసారి నన్ను ఏడిపించి చెప్పకుండా ఊరుకున్నావంటే..."

నేను అడ్డుపడలేదు. ఆ అమ్మాయి అలా ఎంత తొందరగా మాట్లాడితే అంత బాగుంది. ఏ ఒక్క మాటా వదలకుండా విన్నాను.

ఇంతలో షెల్టరు ముందు ఒక అంబులెన్స్ కీచుమని ఆగింది. అద్దం దిగింది. డ్యూటీ దిగి వెళ్తున్న డ్రైవరు గారు తల బయట పెట్టారు. ఆమె కళ్ళే ఆయనవీ. ఆ తొందరా అదే.

"పరీక్ష ఏమైందమ్మా? ఎవరీ అబ్బాయి? ఏం చేస్తుంటాడు? ముఖం అలా ఉందేంటి, ఒళ్ళు బాగాలేదా?"

నాలుగింటికీ కలిపి ఏం చెప్పాలో తెలియక "ఆఁ" అన్నాను.

ఆమె లేచి, వానలో నడిచి, అద్దం దగ్గర నిలబడి పొట్లంలోంచి ఆఖరి బిస్కెట్ తీసింది.

"నాన్నా, ముందు ఇది నోట్లో పెట్టుకో. అయిపోయేదాకా అతను చెప్పేది విను."